టన్నుల కొద్దీ బంగారం రోడ్డెక్కితే.. దారిపొడవునా జవాబుదారీ ఎవరు?

2019 ఏప్రిల్ 17. తెల్లవారితే తమిళనాడులో లోక్‌సభ పోలింగ్. చెన్నై దాటి తిరువళ్లూరు వైపు వెళ్లే దారిలో వేపంపట్టు దగ్గర ఎన్నికల ఫ్లయింగ్ స్క్వాడ్ వాహనాలను ఆపి సోదా చేస్తోంది. వాళ్లు వెతుకుతున్నది ఓటర్లకు పంచే నోట్ల కట్టల కోసం. దొరికింది మాత్రం పెట్టెల్లో సర్దిన 1,381 కిలోల బంగారం.

అది తిరుమల శ్రీవారి బంగారమని, చెన్నైలోని పంజాబ్ నేషనల్ బ్యాంకు నుంచి తిరుపతికి వెళ్తోందని వాహనాల్లో ఉన్నవాళ్లు చెప్పారు. చూపించిన కాగితాలు చాలవని అధికారులు ఆపేశారు. వార్త బయటికి పొక్కగానే రెండు రాష్ట్రాల్లో ఒకటే గగ్గోలు. బ్యాంకు అధికారులు పత్రాలు సమర్పించి విడిపించుకున్నాక, ఏప్రిల్ 20న ఆ బంగారం దేవస్థానం ఖజానాకు చేరింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి ఎల్వీ సుబ్రహ్మణ్యం విచారణకు ఆదేశించారు.

ఆ రోజుల్లో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. అంత బంగారాన్ని అలా వ్యాన్లలో ఎలా పంపిస్తారు? నిజానికి పంపించేది అలాగే. మన దేశంలోకి ఏటా వందల టన్నుల బంగారం వస్తోంది. విమానంలో దిగి, వ్యాన్లలో మన పక్క నుంచే వెళ్తోంది. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. బ్యాంకు తలుపు నుంచి ఖజానా తలుపు దాకా, ఏ నిమిషంలో ఆ బంగారానికి ఎవరు జవాబుదారీ? ఆ సంగతి తెలియాలంటే మూటాముల్లె కట్టే దగ్గర్నుంచి చూడాలి.

చోటు కొంచెం, బరువు కొండంత

ముందు ఒక చిన్న లెక్క. మీ ఇంటికి వచ్చే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్ బరువు 20 కిలోలు. అదే క్యాన్ నిండా బంగారం పోస్తే సుమారు 386 కిలోలు తూగుతుంది. ఎందుకంటే నీళ్లకంటే బంగారం 19.3 రెట్లు బరువు. ఆ లెక్కన వేపంపట్టులో ఆపిన 1,381 కిలోలూ నాలుగు క్యాన్లలో పట్టేస్తుంది, నాలుగోదానిలో ఇంకా కాస్త చోటు మిగులుతుంది. ఒక టన్ను బంగారాన్ని ఒకే దిమ్మగా పోస్తే పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 37 సెంటీమీటర్లే.

అందుకే బంగారం రవాణాలో చోటు ఎప్పుడూ సమస్య కాదు. బరువే సమస్య. వ్యాన్ లోపల ముప్పావు వంతు ఖాళీగా కనిపిస్తున్నా అది మోయగలిగిన బరువు అప్పటికే నిండిపోయి ఉంటుంది. విమానంలోనూ అంతే. సరకు అర నేల మీద చదరపు మీటరుకు ఇంత బరువే పెట్టాలని పరిమితి ఉంటుంది కాబట్టి పెట్టెలను ఒకచోట గుట్టపోయకుండా పలకల మీద పరిచి కడతారు. ఖజానాలకూ ఈ తిప్పలు తప్పవు. న్యూయార్క్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు బంగారం గదిని వీధి మట్టానికి 80 అడుగుల దిగువన, రాతి పొర మీద కట్టింది. అంత బరువును మామూలు పునాదులు మోయలేవు.

పెట్టెల్లో ఉండేవి ప్రధానంగా రెండు రకాల కడ్డీలు. కేంద్ర బ్యాంకులు దాచుకునేవి లండన్ మార్కెట్ ప్రమాణం ప్రకారం పోసిన పెద్ద కడ్డీలు. వాటిని గుడ్ డెలివరీ కడ్డీలంటారు. ఒక్కోటి 350 నుంచి 430 ట్రాయ్ ఔన్సుల దాకా, అంటే సుమారు 12.5 కిలోలు ఉంటుంది. మేలిమి కనీసం వెయ్యికి 995 వంతులు ఉండాలి. రెండు కడ్డీల బరువు ఒకేలా ఉండదు కాబట్టి ప్రతిదాని బరువూ విడిగా రాయాల్సిందే. రెండో రకం కిలో కడ్డీ. మన దగ్గర బ్యాంకులు, నగల వ్యాపారులు ఎక్కువగా వాడేది ఇదే. వీటిని తరచుగా 25 చొప్పున ఒక పెట్టెలో సర్దుతారు. అంతకు మించితే పెట్టెను మనుషులు ఎత్తి దించడం కష్టం.

సీలు, తూకం, సంతకం

బ్యాంకులో బంగారం కుదువ పెట్టినవాళ్లకు ఈ పద్ధతి కొత్త కాదు. అప్రైజర్ మీ ఎదుటే నగ తూచి, గీటు పెట్టి చూసి, కవర్లో వేసి, సీలు వేసి, మీ సంతకం తీసుకుంటాడు. విడిపించుకునేటప్పుడు ముందు ఆ సీలు చెక్కుచెదరలేదని మీరు చూసుకుంటారు. టన్నుల బంగారం రవాణా అంటే ఇదే తంతు, దారిలో అయిదారుసార్లు జరుగుతుంది. తేడా అంతే.

బయల్దేరే ముందు కడ్డీల జాబితా తయారవుతుంది. ఒక్కో కడ్డీకి ఒక్కో వరస. దాని మీద చెక్కిన సంఖ్య, శుద్ధి చేసిన రిఫైనరీ ముద్ర, మేలిమి, బరువు, పెద్ద కడ్డీలైతే పోసిన సంవత్సరం కూడా. ఏ పెట్టెలో ఏ కడ్డీలున్నాయో, ఆ పెట్టెకు వేసిన సీలు నంబరు ఎంతో మరో జాబితాలో ఉంటుంది. ఒకసారి తెంచితే మళ్లీ అతకని సీళ్లివి. ఇక దారిలో ఎవరూ పెట్టె తెరవరు. చేయి మారినప్పుడల్లా చూసేవి మూడే. పెట్టెల లెక్క, సీలు నంబరు, పెట్టె మొత్తం తూకం. మూడూ సరిపోతేనే తీసుకునేవాళ్లు సంతకం పెడతారు. ఆ సంతకం పడిన క్షణం నుంచి పూచీ వాళ్లది. పెట్టే ముందు క్షణం దాకా ఇచ్చినవాళ్లది. మధ్యలో ఎవరిదీ కాని నిమిషం ఉండకూడదన్నది ఈ పద్ధతి మొత్తానికి పునాది.

విలువైన సరకుకు విమానయాన సంస్థల దగ్గర ప్రత్యేక వర్గం ఉంది. దాన్ని మామూలు సరకుతో కలపరు. విమానం తలుపు మూసే ముందు చివరగా ఎక్కిస్తారు, దిగగానే ముందుగా దించుతారు. ఆ మధ్యలో ఉంచాల్సి వస్తే స్ట్రాంగ్ రూమ్. బంగారమంతా రహస్య విమానాల్లో వస్తుందని చాలామంది అనుకుంటారు. చాలా భాగం వచ్చేది మనం ఎక్కే ప్రయాణికుల విమానాల అడుగు అరలోనే. మీ సూట్‌కేసుకు నాలుగడుగుల దూరంలో అది ఉండి ఉండొచ్చు.

ఒక్కో విమానంలో ఎంత ఎక్కించాలన్నది తరచుగా తేల్చేది బీమా కంపెనీ. ఒక ప్రమాదం జరిగితే తాము కట్టాల్సిన మొత్తం ఇంతకు మించకూడదని అది గీత గీస్తుంది. విమానం మోయగలిగినా ఆ గీత దాటనివ్వదు. పెద్ద మొత్తాలు విడతలు విడతలుగా కదలడానికి ముఖ్య కారణం ఇదే. బీమా కూడా ఖజానా నుంచి ఖజానా వరకు అన్న షరతుతోనే ఉంటుంది, విమానం ఎక్కి దిగే వరకే కాదు. వ్యాన్ ఏ సమయంలో కదలాలి, లోపల ఎందరు సాయుధులుండాలి, దారిలో ఆగొచ్చా లేదా అన్న షరతులూ ఆ పాలసీలోనే కనిపిస్తాయి.

నగదుతో పోల్చి చూడండి. నోట్లు మోసే వ్యాన్లకు కేంద్ర హోం శాఖ 2018లో నిబంధనలు తెచ్చింది. ఒక ట్రిప్పులో 5 కోట్ల రూపాయలకు మించి తీసుకెళ్లకూడదు. చీకటి పడ్డాక ఏటీఎంలు నింపడానికీ ఆంక్షలున్నాయి. ఆ పరిమితి నగదుకే. వేపంపట్టులో ఆగిన బంగారం విలువ అప్పటి ధరల్లోనే 400 కోట్ల రూపాయలు దాటింది.

దేశంలోకి వచ్చే దారి

గల్ఫ్ నుంచి వచ్చిన ప్రయాణికుడి దగ్గర పేస్టు రూపంలో బంగారం పట్టుబడిందన్న శంషాబాద్ వార్తలు మీరు తరచూ చదువుతుంటారు. అది దొంగదారి. రాచబాట వేరే ఉంది. రిజర్వు బ్యాంకు అనుమతించిన బ్యాంకులు, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నామినేట్ చేసిన ఏజెన్సీలు మాత్రమే పెద్ద మొత్తంలో కడ్డీలు దిగుమతి చేసుకోగలవు. గుజరాత్ గిఫ్ట్ సిటీలో 2022 జులైలో మొదలైన అంతర్జాతీయ బులియన్ ఎక్స్ఛేంజి ద్వారా అర్హత పొందిన నగల వ్యాపారులకూ తలుపు తెరిచారు. శుద్ధి చేయని ముడి బంగారమైతే లైసెన్సున్న రిఫైనరీలకే.

విమానం దిగిన పెట్టెలను కస్టమ్స్ అధికారులు కడ్డీల జాబితాతో సరిచూసి, సుంకం కట్టించుకుని వదులుతారు. ఈ సుంకాన్ని 2024 జులై బడ్జెట్‌లో 15 శాతం నుంచి 6 శాతానికి తగ్గించారు. దానిపైన 3 శాతం జీఎస్టీ. సుంకం ఎక్కువగా ఉన్నంత కాలం పేస్టు గిరాకీ కూడా ఎక్కువే అన్నది వ్యాపారులు బాహాటంగా చెప్పే మాట.

తుపాకీ కాదు, కాగితమే తాళం

వేపంపట్టు ఘటన జరిగిన సరిగ్గా నాలుగేళ్లకు, 2023 ఏప్రిల్ 17న, కెనడాలోని టొరంటో పియర్సన్ విమానాశ్రయంలో జ్యూరిచ్ నుంచి ఒక విమానం దిగింది. అందులో 400 కిలోల బంగారం, 6,600 కడ్డీల రూపంలో వచ్చింది. సరకును విమానయాన సంస్థ గోదాములో దించారు. కొద్ది గంటల్లో ఒక వ్యక్తి ట్రక్కు తెచ్చి, ఒక ఎయిర్ వే బిల్లు చూపించి, పెట్టెలు ఎక్కించుకుని వెళ్లిపోయాడు. తుపాకీ లేదు, తాళం పగలగొట్టడం లేదు. అతను చూపిన బిల్లు అంతకుముందు రోజే ఎవరో తీసుకెళ్లిన చేపల సరకుకు సంబంధించినది. దాని నకలు మళ్లీ ముద్రించి తెచ్చారని పోలీసులు తేల్చారు. ఆ సంస్థలో పనిచేసిన వాళ్ల పాత్ర ఉందని కేసు పెట్టారు. దోచుకున్న బంగారం విలువ 2 కోట్ల కెనడా డాలర్లకు పైనే. అందులో దొరికింది చాలా తక్కువ.

ఈ రెండు ఏప్రిల్ 17లను పక్కపక్కన పెట్టి చూడండి. ఒకచోట సొంతదారు నిజమైనా కాగితం చాలక బంగారం ఆగింది. మరోచోట కాగితం చెల్లిపోవడంతో దొంగ చేతికి బంగారం దక్కింది. బంగారం ఎక్కువగా పోయేది పరిగెత్తే వ్యాన్ నుంచి కాదు, ఆగి ఉన్నచోట, చేయి మారే చోట. 1983 నవంబరు 26న లండన్ హీత్రూ దగ్గరి బ్రింక్స్ మ్యాట్ గోదాములో మూడు టన్నుల బంగారం దోపిడీ జరిగింది. దొంగలకు తలుపు తీసింది లోపలి కాపలాదారే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు కదా. అందుకే ఒకే మనిషి చేతిలో తాళం చెవీ, జాబితా రెండూ ఉండకూడదన్న నియమం ఈ రంగంలో గట్టిగా పాటిస్తారు. ఎక్కించేవాళ్లు వేరు, లెక్క రాసేవాళ్లు వేరు. వ్యాన్ నడిపేవాడి దగ్గర వెనక తలుపు చెవి ఉండదు.

దేశం బంగారం కదిలినప్పుడు

1991లో విదేశీ మారకద్రవ్యం నిండుకున్నప్పుడు రిజర్వు బ్యాంకు 46.91 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్‌ల వద్ద తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. పీవీ నరసింహారావు ప్రధానిగా ప్రమాణం చేసి రెండు వారాలైనా కాలేదు. జులై 4 నుంచి 18 మధ్య ముంబై నుంచి విడతల వారీగా విమానాల్లో వెళ్లింది. పని సగంలో ఉండగానే పత్రికలో వార్త వచ్చేసింది. మన కడప జిల్లాకు చెందిన, తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరైన వై.వి.రెడ్డి తన ఆత్మకథలో ఒక సంగతి రాశారు. బంగారం తీసుకెళ్తున్న వ్యాన్ విమానాశ్రయానికి వెళ్లే దారిలో టైరు పేలి ఆగిపోయింది. కాపలాదార్లకు గుండె ఆగినంత పనైంది. దేశం పరువు కాసేపు నడిరోడ్డు మీద, స్టెప్నీ కోసం ఎదురుచూస్తూ నిలబడిందన్నమాట.

ఇంత ప్రయాస ఉంది కనుకే కేంద్ర బ్యాంకులు వీలైనంత వరకు బంగారాన్ని కదపవు. 2009లో, డి.సుబ్బారావు గవర్నర్‌గా ఉండగా, రిజర్వు బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నులు కొన్నది. 670 కోట్ల డాలర్లు చెల్లించింది. దానికోసం విమానాలేవీ భారత్‌కు రాలేదు. విదేశంలో ఉన్న ఖజానాలోనే ఒకరి ఖాతాలోంచి మరొకరి ఖాతాలోకి పద్దు మారింది. లండన్ ప్రపంచ బంగారానికి కూడలి కావడానికి ఈ సదుపాయమే కారణం. అక్కడ నిల్వ ఉన్న కడ్డీని అమ్మాలన్నా, అప్పివ్వాలన్నా దాన్ని తాకనక్కర్లేదు.

మరి ఇటీవల ఎందుకు వెనక్కి తెస్తున్నట్టు? రిజర్వు బ్యాంకు అర్ధ సంవత్సర నివేదికలు చూస్తే 2024 మార్చి చివరికి దేశంలో ఉన్నది 408.31 టన్నులు. 2025 సెప్టెంబరు చివరికి అది 575.82 టన్నులైంది. మొత్తం నిల్వ 880.18 టన్నులు. మిగిలిన దానిలో 290.37 టన్నులు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఫర్ ఇంటర్నేషనల్ సెటిల్‌మెంట్స్ దగ్గర భద్రంగా ఉండగా, కొంత డిపాజిట్ల రూపంలో ఉంది. అక్కడ నిల్వ ఉంచినందుకు అద్దె కట్టాలి, అదొక కారణం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక రష్యా కేంద్ర బ్యాంకు విదేశీ నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేయడం చాలా దేశాలకు నిద్ర పట్టకుండా చేసిన పరిణామం. ఈ రెండో కారణాన్ని రిజర్వు బ్యాంకు తన నోటితో చెప్పదు. కాకపోతే అంకెలు ఎటు కదులుతున్నాయో ఎవరికైనా కనబడుతూనే ఉంది.

2023-24లో లండన్ నుంచి సుమారు 100 టన్నులు తెచ్చారు. మన వీధిలోకి వచ్చే 5,000 లీటర్ల నీళ్ల ట్యాంకరుంటుంది చూడండి, ఆ 100 టన్నులకు దాదాపు అంత చోటు చాలు. కడ్డీల లెక్కన 8,000. దేశం సొంత బంగారమే అయినా సరిహద్దు దాటి వస్తోంది కాబట్టి అది దిగుమతే. అందుకని కేంద్రం ప్రత్యేకంగా కస్టమ్స్ సుంకం మినహాయింపు ఇచ్చిందని, రాష్ట్రాలకూ వాటా ఉండే సమీకృత జీఎస్టీకి మాత్రం మినహాయింపు దొరకలేదని అప్పట్లో వార్తలొచ్చాయి. ఇలా వచ్చిన బంగారం ముంబై మింట్ రోడ్డులోని రిజర్వు బ్యాంకు పాత భవనంలో, నాగపూర్‌లో ఉంటుంది.

ఈ విషయంలో జర్మనీ చేసిన పని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2013 నుంచి 2017 వరకు ఆ దేశ కేంద్ర బ్యాంకు న్యూయార్క్ నుంచి 300 టన్నులు, పారిస్ నుంచి 374 టన్నులు ఫ్రాంక్‌ఫర్ట్‌కు తెచ్చుకుంది. అనుకున్న గడువుకు మూడేళ్ల ముందే పని పూర్తయింది. వచ్చిన ప్రతి కడ్డీనీ తూచి, ఎక్స్‌రే కిరణాలతో మేలిమి పరీక్షించారు. బంగారంతో దాదాపు సమానమైన సాంద్రత టంగ్‌స్టన్‌కు ఉంది కాబట్టి తూకం ఒక్కటే సరిపోదు. తన కడ్డీలన్నిటి జాబితాను నంబర్లతో సహా జనం చూసేలా పెట్టింది. మన రిజర్వు బ్యాంకు టన్నుల లెక్క చెబుతుంది గానీ అలాంటి జాబితా ఇవ్వదు. తెచ్చే ముందు తేదీ, దారి చెప్పకపోవడం భద్రత. తెచ్చి ఖజానాలో పెట్టాక కడ్డీల నంబర్లు దాచడంలో భద్రత ఏముందో అర్థం కాదు.

వెండి కథ వేరు

వెండి విషయంలో పై లెక్కలన్నీ తారుమారవుతాయి. అదే విలువకు వెండి బంగారం కంటే ఎన్నో పదుల రెట్లు బరువు తూగుతుంది. పైగా దాని సాంద్రత దాదాపు సగమే కాబట్టి చోటూ ఎక్కువే కావాలి. లండన్ ప్రమాణపు వెండి దిమ్మ ఒక్కోటి సుమారు 1,000 ఔన్సులు, అంటే 31 కిలోలు. అందుకని వెండి ఎక్కువగా ఓడల్లో, కంటైనర్లలో కదులుతుంది. విమాన ఛార్జీ పెడితే గిట్టదు. కలకత్తా నుంచి వెండి నింపుకొని ఇంగ్లండ్‌కు బయల్దేరిన గైర్సొప్ప అనే ఓడను 1941లో జర్మన్ జలాంతర్గామి ముంచేస్తే, 70 ఏళ్ల తర్వాత అట్లాంటిక్ అడుగు నుంచి సుమారు 100 టన్నుల వెండిని పైకి తీశారు.

గిట్టదన్న లెక్క కూడా ఒక్కోసారి తప్పుతుంది. అమెరికా సుంకాలు వేస్తుందన్న భయంతో 2025 మొదట్లో లండన్ నుంచి న్యూయార్క్‌కు బంగారంతో పాటు వెండిని కూడా విమానాల్లో తరలించారు. బంగారంలో మరో చిక్కు వచ్చింది. న్యూయార్క్ మార్కెట్‌లో ఎక్కువగా చెల్లేవి కిలో కడ్డీలు, 100 ఔన్సుల కడ్డీలు. లండన్‌లో ఉన్నవి 400 ఔన్సులవి. దాంతో వాటిని ముందు స్విట్జర్లాండ్ పంపి కరిగించి, చిన్నవిగా పోయించి, అప్పుడు అట్లాంటిక్ దాటించారు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నుంచి కడ్డీలు బయటికి తీసుకోవడానికి మామూలుగా కొన్ని రోజులు పట్టేది వారాలకు పెరిగింది. ఖజానాలో సరకు నిండుగానే ఉంది. దాన్ని మోసి లారీలో పెట్టే చేతులు, గంటలు చాలలేదు. అదే ఏడాది అక్టోబరులో లండన్‌లో వెండికి కటకట వచ్చినప్పుడు ప్రయాణం తిరగబడి, న్యూయార్క్ నుంచి లండన్‌కు విమానాల్లో వెండి వచ్చింది.

గుడి బంగారం సంగతి

మళ్లీ వేపంపట్టుకు వద్దాం. అప్పటి దేవస్థానం ఈవో అనిల్ కుమార్ సింఘాల్ ఇచ్చిన వివరణ ఇది. 2016 ఏప్రిల్‌లో 1,311 కిలోలు బ్యాంకులో మూడేళ్లకు డిపాజిట్ చేశారు. వడ్డీ 70 కిలోలతో కలిపి 1,381 కిలోలు తిరిగి ఇవ్వాలి. గడువు 2019 ఏప్రిల్ 18. తిరుపతిలోని ఖజానాలో అప్పగించే దాకా ఆ బంగారానికి బాధ్యత బ్యాంకుదే. దారిలో ఎలా తెస్తారన్నది దేవస్థానం చూసుకునే పని కాదు.

ఒప్పందం ప్రకారం ఆ మాట సరైనదే. ఇందాక చెప్పుకున్న సంతకం సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. ఖజానా అధికారి సీళ్లు చూసి, తూచి, సంతకం పెట్టే వరకు అది బ్యాంకు పూచీ మీద ఉన్న సరకు. మధ్యలో పోయినా, తగ్గినా బ్యాంకూ, దాని బీమా సంస్థా తెచ్చివ్వాలి. కానీ భక్తుల దృష్టిలో అది హుండీలో తాము వేసిన బంగారం. ఒప్పందం వేరు, నమ్మకం వేరు. ఎన్నికల కోడ్ నడుస్తుండగా, పోలింగ్‌కు ముందు రోజు, ఆ దారిన పంపుతున్నట్టు ఎన్నికల అధికారులకు ముందే తెలియజేసి ఉంటే ఈ రచ్చ ఉండేది కాదు.

ఇక్కడ ఒక అపోహ కూడా తొలగాలి. డిపాజిట్ చేసిన బంగారం బ్యాంకు లాకర్లో అలాగే కూర్చోదు. భక్తుల కానుకలను కరిగించి, శుద్ధి చేసి, కడ్డీలుగా మార్చాకే డిపాజిట్ తీసుకుంటారు. బ్యాంకు దాన్ని నగల తయారీదారులకు అప్పివ్వవచ్చు, అమ్మవచ్చు. గడువు తీరాక అదే మేలిమి, అదే తూకం ఉన్న కడ్డీలు తిరిగిస్తుంది. మీరు బ్యాంకులో వేసిన నోటే మళ్లీ మీ చేతికి రాదు కదా, ఇదీ అంతే. కాబట్టి వేపంపట్టు పెట్టెల్లో విదేశీ రిఫైనరీ ముద్రలున్న కడ్డీలు కనిపించినా ఆశ్చర్యపోవాల్సిన పనిలేదు.

దేవస్థానం 2022 నవంబరులో ఇచ్చిన శ్వేతపత్రం ప్రకారం బ్యాంకుల్లో ఉన్న బంగారం 10,258.37 కిలోలు. అందులో 9,819.38 కిలోలు స్టేట్ బ్యాంకులో, మిగతాది ఇండియన్ ఓవర్సీస్ బ్యాంకులో ఉన్నాయి. 2015లో మొదలైన గోల్డ్ మానెటైజేషన్ పథకంలో మధ్యకాలిక, దీర్ఘకాలిక డిపాజిట్లను కేంద్రం 2025 మార్చి 26 నుంచి ఆపేసింది. ఒకటి నుంచి మూడేళ్ల డిపాజిట్లను మాత్రం బ్యాంకుల ఇష్టానికి వదిలేసింది. పాత డిపాజిట్లు గడువు తీరే దాకా కొనసాగుతాయి. గడువు తీరాక బంగారం రూపంలోనే ఇవ్వాల్సినవి ఉంటే, అలాంటి పెట్టెలు మళ్లీ రోడ్డెక్కక తప్పదు. మీ ఊరి ఆలయం ఇలా డిపాజిట్ చేసి ఉంటే పాలకమండలిని రెండు సంగతులు అడగండి. తిరిగి ఇచ్చే చోటు ఏదని ఒప్పందంలో రాశారు? అప్పగించేటప్పుడు తూచి, మేలిమి పరీక్షించి రాసుకునేది ఎవరి సమక్షంలో?

మీ దుకాణం సరకు ఆపితే

ఎన్నికల కోడ్ ఉన్నప్పుడు ఇబ్బంది పడేది పెద్ద బ్యాంకుల కంటే చిన్న నగల వ్యాపారులే. ప్రొద్దుటూరు, నరసాపురం, సికింద్రాబాద్ లాంటి చోట్ల నుంచి ఊరూరికీ సరకు తీసుకెళ్లేవాళ్లు ఈ కాగితాలు దగ్గర ఉంచుకోవాలి. జీఎస్టీ బిల్లు లేదా డెలివరీ చలానా, స్టాక్ రిజిస్టర్ నకలు, తీసుకెళ్తున్న మనిషి గుర్తింపు కార్డు, దుకాణం ఇచ్చిన అధికార పత్రం. నగలకు దేశమంతటా ఈ-వే బిల్లు తప్పనిసరి కాదు. అయితే రాష్ట్రం లోపలి రవాణాకు దాన్ని పెట్టుకునే వెసులుబాటు జీఎస్టీ నిబంధనల్లో ఉంది. 10 లక్షల రూపాయలు దాటిన సరకుకు కేరళ దీన్ని అమలులోకి తెచ్చింది. కేరళ వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి.

స్క్వాడ్ సరకు ఆపితే వాదన పెట్టుకోకుండా పంచనామా నకలు, రసీదు అడిగి తీసుకోండి. అందులో వస్తువుల సంఖ్య, తూకం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. సీలు మీ ఎదుటే వేయమనండి. ఆ తర్వాత వెళ్లాల్సింది జిల్లా గ్రీవెన్స్ కమిటీకి. ఎన్నికల సంఘం ఆదేశాల ప్రకారం ముగ్గురు అధికారులతో ప్రతి జిల్లాలో ఈ కమిటీ ఉంటుంది. మీ సరకుకు ఏ పార్టీతో, అభ్యర్థితో సంబంధం లేదని, కేసు నమోదు కాలేదని తేలితే వదిలేయమని ఆదేశించే అధికారం దానికి ఉంది. విలువ 10 లక్షల రూపాయలు దాటితే ఆదాయపు పన్ను శాఖకు సమాచారం వెళ్తుంది కాబట్టి లెక్కల పుస్తకాలు కూడా పట్టుకెళ్లాలి. కేసు లేని పక్షంలో పోలింగ్ ముగిసిన 7 రోజులకు మించి సరకును అట్టిపెట్టుకోకూడదు. రసీదు మీద ఆపిన తేదీ, సమయం, అధికారి సంతకం లేకపోతే కమిటీ ముందు మీ మాట నిలవదు. పంచనామా చేతికి రాగానే ముందు చూడాల్సింది అవే.